మీ ఎపిస్కోపల్ చర్చి చరిత్ర మీరే రాయాల్సి వస్తే

ఎపిస్కోపల్ చర్చి అంటే అమెరికాలోని ఆంగ్లికన్ శాఖ. అలాంటి ఒక చర్చికి నూరేళ్లో నూట పాతికేళ్లో నిండబోతున్నాయంటే వెస్ట్రీ మీటింగులో ఎవరో ఒకరు "మన చరిత్ర ఒక చిన్న పుస్తకంగా వేద్దాం" అంటారు. అందరూ తలూపుతారు. ఆ తర్వాత అందరి చూపూ ఒకరి మీదికే తిరుగుతుంది. ఫిలడెల్ఫియా శివారులోని మా చర్చిలో ఆ చూపు నా మీద పడింది. అప్పటికే లెక్కలు చూసేది నేనే, ఆఫీసు బీరువా తాళంచెవి ఉండేదీ నా దగ్గరే. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) చర్చిలో పుట్టి పెరిగినదాన్ని, వృత్తిరీత్యా ఆడిటర్ని. చరిత్ర ఎప్పుడూ చదువుకోలేదు. అయినా ఈ పనికి ఆడిటర్ బుద్ధే ఎక్కువ అక్కరకొస్తుందని నా నమ్మకం. ఎవరేం చెప్పినా "దీనికి వోచర్ ఏది?" అని అడగటంలోనే సగం పని అయిపోతుంది.

వెస్ట్రీ అంటే తెలియనివాళ్లకు ఒక్క ముక్క: మన పాస్టరేట్ కమిటీ లాంటిదే. దానికి ఇద్దరు వార్డెన్లుంటారు. పాదిరిని రెక్టర్ అంటారు, ఆయన్ని వెస్ట్రీయే పిలిచి పెట్టుకుంటుంది. ఇంకా సొంత కాళ్ల మీద నిలబడని చర్చి అయితే అది మిషన్, బిషప్ కింద నడుస్తుంది, అక్కడి పాదిరి వికార్. ఈ తేడా గుర్తుంచుకోండి, పాత కాగితాల్లో దీంతో చాలా పని పడుతుంది.

మీ చర్చిలో ఇంతకుముందే ఒక పాత సావనీర్ ఉంటుంది. యాభయ్యో ఏటో డెబ్భై అయిదో ఏటో వేసినది. అందులో ఒక్కో రెక్టర్‌కు ఒక్కో పేరా, ప్రతి పేరాలోనూ ఆయన అందరికీ ప్రియమైనవాడే. దాన్ని పక్కన పెట్టండి. అబద్ధాలు రాశారని కాదు. దాన్ని ముందు చదివితే మీ పుస్తకం కూడా పాదిరుల జాబితాగానే తయారవుతుంది. శివారు చర్చి చరిత్రంటే ఆ ఊరికి ఎవరు వచ్చారు, ఎవరిని రానివ్వలేదు, వచ్చినవాళ్లు దేనికి డబ్బు పెట్టారు అన్నదే. ఆ మూడూ సావనీర్లో దొరకవు.

ముందు తేదీల పట్టిక

మొదటి పని చర్చి బీరువాలో కాదు, కంప్యూటర్ ముందు. ప్రతి డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిలన్నీ కలిసిన ప్రాంతం) ఏటా కన్వెన్షన్ అనే సమావేశం పెట్టుకుంటుంది. ఆ సమావేశాల జర్నల్ అచ్చవుతుంది. అందులో ప్రతి చర్చి ఇచ్చిన లెక్క ఉంటుంది: ఎన్ని కుటుంబాలు, ఎన్ని బాప్తిస్మాలు, ఎంతమందికి కన్ఫర్మేషన్, ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని సమాధులు, సండే స్కూల్లో టీచర్లెందరు, పిల్లలెందరు, కానుకలెంత. బిషప్ గారి దినచర్య కూడా అందులోనే ఉంటుంది. ఏ రోజు ఏ చర్చికి వెళ్లారు, ఎక్కడ మూలరాయి వేశారు, ఎక్కడ ఎంతమందిని కన్ఫర్మ్ చేశారు అన్నీ రాసుకునేవారు. 19వ శతాబ్దపు జర్నల్స్ చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, హాతీట్రస్ట్‌లో (రెండూ ఆన్‌లైన్ లైబ్రరీలు) ఉచితంగా దొరుకుతాయి. తర్వాతివాటికి డయోసిస్ ఆర్కైవిస్ట్‌కు మెయిల్ పెట్టండి. ఇప్పుడు మనం ఏటా మార్చి 1 లోపు పంపే పారోకియల్ రిపోర్టు ఆ పాత లెక్కలకు వారసురాలే.

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి అడ్డంగా అంశాలు, నిలువుగా సంవత్సరాలు పెట్టి నింపుకుంటూ పోండి. విసుగు పుట్టే పనే, కాదనను. కానీ ఆ అంకెలు ఎక్కడ ఎగిశాయో, ఎక్కడ పడ్డాయో అక్కడే మీరు అడగాల్సిన ప్రశ్నలున్నాయి. ఒక హెచ్చరిక: ప్రభువు బల్ల సంస్కారం తీసుకునే సభ్యుల సంఖ్య ఒక్క ఏడాదిలో ధడాలున మూడో వంతు పడిపోయిందంటే గొడవలై జనం వెళ్లిపోయారని వెంటనే రాసేయకండి. ఆ ఏడాది కొత్త రెక్టర్ వచ్చారేమో చూడండి. కొత్తగా వచ్చినాయన పాత జాబితా తీసి, చనిపోయినవాళ్లనూ ఊరు మారినవాళ్లనూ కొట్టేయడం మామూలే. కంపెనీలో కొత్త మేనేజర్ వచ్చి మొండి బకాయిలు రైటాఫ్ చేసినట్టు. ఆ ఏడాది కానుకలు తగ్గకపోతే జనమూ తగ్గలేదన్నమాట.

దేశం మొత్తం మీద జరిగిన సంగతులు కొన్నింటిని ఆ షీట్లోనే ఒక వరుసలో రాసుకోండి. ఎపిస్కోపల్ చర్చి మొదటి జనరల్ కన్వెన్షన్, అంటే దేశమంతటి ప్రతినిధుల సభ, 1785లో ఫిలడెల్ఫియాలో జరిగింది. 1789లో రాజ్యాంగం, సొంత ప్రార్థన పుస్తకం ఏర్పడ్డాయి. ఆ ప్రార్థన పుస్తకాన్ని 1892లో, 1928లో, 1979లో సవరించారు. సభ్యుల సంఖ్య 1960ల మధ్యలో 30 లక్షలు దాటి, ఇప్పుడు 15 లక్షల దగ్గరికి దిగింది. మీ చర్చి గ్రాఫ్ కూడా అదే దారిలో నడిస్తే అందులో మీ రెక్టర్ ప్రతిభా లేదు, తప్పూ లేదు. దానికి ఎదురు నడిచిన చోటే చెప్పడానికి కథ ఉంటుంది.

పుట్టినరోజు ఏది?

ఇది తేలికగా కనిపిస్తుంది, కానీ మీటింగుల్లో ఎక్కువ టైమ్ తినేది ఇదే. ఒక చర్చికి ఏడెనిమిది పుట్టినరోజులుంటాయి. ఎవరింట్లోనో, బడిలోనో, కొట్టు పైన హాల్లోనో జరిగిన మొదటి ఆరాధన. సండే స్కూల్ మొదలైన రోజు. మిషన్‌గా గుర్తించిన రోజు. కౌంటీలో కార్పొరేషన్‌గా రిజిస్టర్ చేసిన రోజు. డయోసిస్ కన్వెన్షన్ పారిష్‌గా (సొంత కాళ్ల మీద నిలబడ్డ చర్చిగా) చేర్చుకున్న రోజు. మూలరాయి వేసిన రోజు. కొత్త గుడిలో మొదటి ఆరాధన. చివరికి బిషప్ వచ్చి ప్రతిష్ఠ చేసిన రోజు.

ఈ చివరి రెండింటి మధ్య ఒక్కోసారి పదేళ్లు, ఇరవయ్యేళ్లు కూడా ఉంటాయి. కారణం అప్పు. కట్టడం మీదా స్థలం మీదా అప్పు ఉండగా ప్రతిష్ఠ చేయకూడదని చర్చి నియమాల్లో చాలాకాలం ఉండేది. కాబట్టి ప్రతిష్ఠ ఏడాది దొరికిందంటే తనఖా తీరిన ఏడాది దొరికినట్టే. అప్పు ఎవరిచ్చారు, వడ్డీ ఎంత, చివరి వాయిదా ఎవరి పుణ్యాన తీరింది అన్నది వెస్ట్రీ మినిట్స్‌లో చూడండి. కొన్ని చర్చిల్లో తనఖా పత్రాన్ని అందరి ముందూ కాల్చి పండగ చేసుకునేవారు, ఫోటోలు కూడా ఉంటాయి.

ఏ తేదీని పుట్టినరోజు అనాలో మీరు తేల్చకండి. అన్నీ పట్టికగా అచ్చు వేయండి, కేకు ఎప్పుడు కోయాలో వెస్ట్రీ చూసుకుంటుంది.

రైలు, రోడ్డు, దస్తావేజు

శివారు చర్చిని దేవుడు పిలిచి ఉండవచ్చు, కానీ తీసుకొచ్చింది మాత్రం రైలే. మా వైపు దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ చెస్ట్‌నట్ హిల్‌లోని సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్. అది నగర హద్దుల్లోనే ఉన్నా అప్పట్లో శివారే. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ పెద్దల్లో ఒకరైన హెన్రీ హోవర్డ్ హ్యూస్టన్ అక్కడ చాలా భూమి కొన్నారు. 1884లో రైలు లైను వచ్చింది. ఆయనే హోటల్ కట్టించారు, అద్దెకిచ్చే ఇళ్లు కట్టించారు, 1889లో చర్చి కూడా కట్టించారు. భక్తి లేదని అనడం లేదు. భక్తీ రియల్ ఎస్టేటూ ఒకే బండిలో వచ్చాయంటున్నాను.

మీ చర్చికీ ఇదే పద్ధతిలో చూడండి. స్టేషనో ట్రామ్ లైనో ఎప్పుడొచ్చింది? మొదటి ఆరాధన దానికి ఎన్నేళ్ల తర్వాత? చర్చికి స్థలం "ఒక డాలరుకు" ఇచ్చిన దాత చుట్టుపక్కల ప్లాట్లు ఎవరికి అమ్మాడు? ఇదంతా కౌంటీ రికార్డర్ ఆఫీసులో ఉంటుంది. అక్కడ అమ్మినవాళ్ల పేరుతో ఒక ఇండెక్స్, కొన్నవాళ్ల పేరుతో ఒక ఇండెక్స్ వేరువేరుగా ఉంటాయి. చర్చి పేరుతో వెతికితే చర్చి దస్తావేజు మాత్రమే దొరుకుతుంది. దాత పేరుతో అమ్మకాల ఇండెక్స్ చూస్తే ఊరు మొత్తం దొరుకుతుంది.

ఆ పక్క ప్లాట్ల దస్తావేజులను చివరిదాకా చదవండి. 20వ శతాబ్దం మొదటి సగంలో రాసిన చాలావాటిలో, ఈ ఇల్లు తెల్లవాళ్లకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అనే షరతు ఉంటుంది. ఇంట్లో పనిచేసేవాళ్లకు మాత్రం మినహాయింపు. ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో చెప్పింది. ఇళ్ల అమ్మకాల్లో వివక్షను 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం నిషేధించింది. 1948కీ 1968కీ మధ్య పరిస్థితి ఎలా ఉండేదో మా డయోసిస్ హద్దుల దగ్గరే చూడొచ్చు. బక్స్ కౌంటీలోని లెవిట్‌టౌన్‌లో 1957లో మొదటి నల్లజాతి కుటుంబం విలియమ్, డైసీ మైయర్స్ దంపతులది. వాళ్లు దిగగానే ఇంటి ముందు గుంపులు చేరి రాళ్లు వేశాయి. అలాంటి వారాల్లో మీ చర్చి మినిట్స్‌లో ఏం ఉంది? ఏమీ లేకపోతే, ఏమీ లేదనే రాయండి. పార్కింగ్ స్థలం గురించి చర్చించారని ఉంటే అది కూడా రాయండి.

ఈ భాగాన్ని పుస్తకంలో పెట్టొద్దని ఎవరో ఒకరు నెమ్మదిగా చెబుతారు. అప్పుడు ఒక ఆధారం చేతిలో ఉంచుకోండి: బానిసత్వంలోనూ నల్లవాళ్లను వేరుగా ఉంచడంలోనూ తమ పాత్ర ఏమిటో వెతికి రాయమని 2006 జనరల్ కన్వెన్షనే డయోసిస్‌లను అడిగింది. 2008 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో, ఎపిస్కోపల్ చర్చిలో మొదటి నల్లజాతి పాదిరి అబ్సలోమ్ జోన్స్ స్థాపించిన సెయింట్ థామస్ ఆఫ్రికన్ ఎపిస్కోపల్ చర్చిలోనే క్షమాపణ ఆరాధన జరిగింది. చర్చి అడిగిన పనే మీరు చేస్తున్నారు.

లెక్కల పుస్తకం

ఇక నాకిష్టమైన చోటికి వచ్చాం. వెస్ట్రీ మినిట్స్ మర్యాదగా ఉంటాయి. ఎవరు అరిచారో రాయరు, "సుదీర్ఘ చర్చ జరిగింది" అని రాస్తారు. ట్రెజరర్ చిట్టాకు ఆ మర్యాద లేదు. ఎవరికి ఎంత ఇచ్చారో, ఎవరికి ఇవ్వలేదో అందులో ఉంటుంది.

పాత పుస్తకాల్లో ఆదాయం వైపు మొదట కనిపించేది బెంచీ అద్దె. కుటుంబానికో బెంచీ, దానికో నంబరు, ఏడాదికింత అని. ముందు వరసలు ఎక్కువ, వెనక్కి పోయేకొద్దీ తక్కువ, స్తంభం వెనకది ఇంకా తక్కువ. చిట్టాలోని నంబర్లనూ పేర్లనూ తీసుకుని చర్చి ప్లాను గీసి ఒక్కో బెంచీ మీద పేరు రాయండి. ఊళ్లో ఎవరి స్థాయి ఏమిటో ఒక్క బొమ్మలో వస్తుంది. మా పుస్తకంలో జనం ఎక్కువసేపు ఆగి చూసే పేజీ అదే. అద్దెలు ఎప్పుడు ఆగాయో కూడా చూడండి. చాలా చర్చిల్లో 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఆగి, వాటి చోట వారంవారం కవర్లు వచ్చాయి. ఆగిన ఏడాది సభ్యుల సంఖ్య పెరిగిందా అన్నది మీ షీట్లో చూస్తే తెలిసిపోతుంది.

ఖర్చుల వైపు బొగ్గు, గ్యాసు, ఇన్సూరెన్సు, గంట కొట్టి ఊడ్చే సెక్స్టన్ జీతం, డయోసిస్‌కు కట్టే వాటా. మా చిట్టాలో నెలనెలా ఒక చిన్న మొత్తం కనిపించేది, "బ్లోయర్" అని మాత్రమే రాసి. ఆర్గన్ వెనక నిలబడి తిత్తులు కొట్టే కుర్రాడి కూలి అది. సంగీతం అంతా ఆ కుర్రాడి భుజాల మీద నడిచిందని సావనీర్లో ఒక్క అక్షరం లేదు. కొన్ని పేజీల తర్వాత కరెంటు కంపెనీ బిల్లు మొదలవుతుంది, ఆ తర్వాతి నెల నుంచి బ్లోయర్ ఉండడు. చర్చికి కరెంటు ఎప్పుడొచ్చిందని మినిట్స్ అంతా గాలించినా దొరకనిది ఈ రెండు పద్దుల మధ్య దొరుకుతుంది.

రెక్టర్ జీతం పద్దు ప్రత్యేకంగా చూడండి. మూడు నెలలు బాకీ, తర్వాత సగం, తర్వాత రాజీనామా. సావనీర్లో అదే "మరో పిలుపు అందుకుని వెళ్లారు" అయి ఉంటుంది. ఆయన ఎక్కడికి వెళ్లారో స్టోవ్స్ క్లరికల్ డైరెక్టరీ లాంటి పాత పాదిరుల డైరెక్టరీల్లో దొరుకుతుంది.

మహిళల గిల్డ్ పుస్తకాలు వేరే ఉంటాయి, సాధారణంగా వంటగది పక్క అల్మారాలో. దయచేసి అక్కడా వెతకండి. తివాచీ, బాయిలర్, అప్పు మీద వడ్డీ, ఇవన్నీ వాళ్ల సప్పర్లూ సంతలూ తెచ్చిన డబ్బుతో తీరాయని ఆ పుస్తకాలు చూశాకే నాకు అర్థమైంది. వాళ్లకు అప్పట్లో చాలాచోట్ల వెస్ట్రీలో కుర్చీ లేదు. జనరల్ కన్వెన్షన్‌లో మహిళలు ప్రతినిధులుగా కూర్చున్నదే 1970లో. 1974 జులై 29న ఫిలడెల్ఫియాలోని చర్చ్ ఆఫ్ ది అడ్వొకేట్‌లో 11 మంది మహిళలు అనుమతి రాకముందే పాదిరులుగా అభిషేకం పొందారు. కన్వెన్షన్ ఒప్పుకున్నది 1976లో, అమలైంది 1977 జనవరి 1 నుంచి. మీ చర్చిలో బలిపీఠం దగ్గర మొదటిసారి ఒక మహిళ నిలబడిన ఆదివారం ఏదో ఆరాధనల రిజిస్టర్లో సంతకం చూసి కనుక్కోండి.

గిల్డ్ పుస్తకాలతో ఒక చిక్కుంది. అందరూ ఫలానా వారి మిసెస్సే, సొంత పేరు ఉండదు. పిల్లల బాప్తిస్మం రిజిస్టర్లో తల్లి పేరు ఉంటుంది, సమాధిరాయి మీద ఉంటుంది, జనాభా లెక్కల్లో ఉంటుంది. అమెరికా జనాభా లెక్కల వివరాలు 72 ఏళ్లకు బయటపెడతారు. 1950వి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. 1890వి చాలావరకు దొరకవు, 1921లో మంటల్లో పోయాయి. పుస్తకంలో ప్రతి మహిళకూ ఆమె పేరే పెట్టండి. ఎంత సమయం పట్టినా ఈ పని మాత్రం వదలొద్దని బతిమాలుకుంటున్నాను.

రిజిస్టర్లు

బాప్తిస్మాలు, కన్ఫర్మేషన్లు, పెళ్లిళ్లు, సమాధుల రిజిస్టర్ ఉంచడం రెక్టర్ విధి, చర్చి చట్టం చెబుతుంది. దానితో పాటు ఆరాధనల రిజిస్టర్ వేరుగా ఉంటుంది: తేదీ, వేళ, ఎవరు జరిపారు, ఎంతమంది వచ్చారు, చివర ఒక సన్నటి గడిలో "రిమార్కులు". ఆ గడిలోనే "మంచు తుఫాను", "బాయిలర్ పనిచేయలేదు", "బిషప్ గారు రాలేదు" అని రాస్తారు. ఈ రిజిస్టర్ మొత్తం చదవడానికి ఓపిక లేకపోతే కనీసం 1918 అక్టోబరు తీయండి. ఇన్‌ఫ్లుయెంజా కారణంగా ఆ నెల మొదట్లో ఫిలడెల్ఫియాలో చర్చిలు, బడులు, థియేటర్లు మూసేయించారు. ఆ ఆదివారాల వరసలు మీ పుస్తకంలో ఎలా ఉన్నాయో చూడండి. తర్వాత సమాధుల రిజిస్టర్లో అవే వారాలు తీయండి. వయసుల గడి చూస్తూ వేలు కిందికి జరపండి: ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్లు వరసగా కనిపిస్తారు. ఆ జబ్బు ఎక్కువగా తీసుకెళ్లింది వాళ్లనే.

కొన్ని రిజిస్టర్లలో పేరు పక్కన "కలర్డ్" అనో, "ఫలానా వారింటి పనిమనిషి" అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాళ్లు చర్చిలో ఉన్నారు, బెంచీ అద్దెల పట్టికలో మాత్రం లేరు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితేనే ఇది కనిపిస్తుంది.

రిజిస్టర్లలో అచ్చు వేయకూడనివి కూడా ఉంటాయి. దత్తత వివరాలు, తండ్రి పేరు ఖాళీగా వదిలిన బాప్తిస్మాలు, బతికున్నవాళ్ల సంగతులు. చదవడానికి రెక్టర్ అనుమతి తీసుకోండి, ఇటీవలి పేజీలను స్కాన్ చేసి నెట్లో పెట్టకండి.

"మాది టిఫనీ కిటికీ"

ప్రతి శివారు ఎపిస్కోపల్ చర్చిలోనూ ఒక టిఫనీ కిటికీ ఉంటుంది, కనీసం జనం నోట్లో. టిఫనీ అంటే రంగు గాజు కిటికీలకు పేరుపడ్డ అమెరికన్ స్టూడియో. మా చర్చిలో బలిపీఠం పైన ఉన్నదాన్ని గురించి నాకు ముగ్గురు పెద్దవాళ్లు ఒకే మాట చెప్పారు. వోచర్ అడిగితే ముగ్గురూ ఒకరినొకరు చూపించారు.

ఎలా చూడాలంటే, ఎండ బాగా పడే వేళ గాజునే చూడండి, బొమ్మను కాదు. టిఫనీ వాళ్ల గాజు ఎక్కువగా పాలు కలిసినట్టు మసకగా ఉంటుంది, రంగు గాజులోనే సుళ్లు తిరిగి ఉంటుంది. బట్టల మడతలకు నిజంగానే మడతలు పడిన మందపాటి గాజు వాడతారు. పక్క నుంచి టార్చి వేస్తే ఆ ఉబ్బెత్తు నీడలు కనిపిస్తాయి. కుంచెతో గీసేది ముఖాలూ చేతులూ పాదాలూ మాత్రమే. అలాకాక గాజు నిర్మలంగా, ముక్కలు చిన్నవిగా, సీసం గీతలు మందంగా, మడతలన్నీ నల్ల రంగుతో గీసి ఉంటే అది మధ్యయుగపు పద్ధతి. ఫిలడెల్ఫియాలో విల్లెట్, బోస్టన్‌లో చార్ల్స్ కానిక్ లాంటి వాళ్ల దారి అది. సంతకం ఉంటే సాధారణంగా కింది మూలలో ఉంటుంది. మా కిటికీలో ఆ మూలను తర్వాతెప్పుడో బిగించిన చెక్క పట్టీ కప్పేసింది. పట్టీకీ గాజుకీ మధ్య సందులోంచి ఫోను పెట్టి తీసిన ఫోటోలో సగం పేరు వచ్చింది. ఆ సగంలో టిఫనీకి సరిపడే అక్షరం ఒక్కటీ లేదు. మీకు సంతకం దొరకకపోతే దాత కుటుంబం వెస్ట్రీకి రాసిన ఉత్తరం, స్టూడియో బిల్లు వెతకండి. టిఫనీ స్టూడియోస్ 1910లో తమ కిటికీల జాబితా ఒకటి అచ్చు వేసింది, అది పూర్తి జాబితా కాదు. లాంబ్ స్టూడియోస్ కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి.

టిఫనీ కాదని తేలితే జనం నిరాశ పడతారు. పడనివ్వండి. ఇన్సూరెన్సు కంపెనీకి మాత్రం వెంటనే చెప్పండి.

ఆర్గన్‌కు ఇంత కష్టం లేదు. కట్టినవాళ్లు నంబరు వేస్తారు, మీటల పైన చిన్న పలక ఉంటుంది. ఆర్గన్ హిస్టారికల్ సొసైటీ డేటాబేస్‌లో ఆ పేరూ నంబరూ కొడితే చాలా వివరాలు వస్తాయి.

కట్టడం ఎప్పుడెప్పుడు ఎలా మారిందో సాన్‌బోర్న్ మ్యాపుల్లో చూడొచ్చు. అగ్నిప్రమాద బీమా కోసం గీసినవి, చాలావరకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లో ఉన్నాయి. పసుపు రంగైతే చెక్క, గులాబీ రంగైతే ఇటుక, నీలమైతే రాయి. ఒక మ్యాపులో పసుపుగా ఉన్న చర్చి తర్వాతి మ్యాపులో నీలంగా మారితే చెక్క గుడి పోయి రాతి గుడి వచ్చిందన్నమాట. పారిష్ హాలు, సండే స్కూల్ గదులు ఎప్పుడు అతికించారో కూడా అలాగే తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పిల్లల సంఖ్య పెరిగి చాలాచోట్ల ఈ గదులే ముందు కట్టారు.

పెద్దవాళ్లు, ఫోటోలు

కాగితాల పని ముగిశాకే పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లండి. అప్పుడే అడగడానికి మీ దగ్గర ఏదైనా ఉంటుంది. "అప్పట్లో చర్చి ఎలా ఉండేది?" అంటే "చాలా బాగుండేది" అంటారు, అంతే. "మీ అమ్మానాన్నలు ఏ బెంచీలో కూర్చునేవారు? పక్క బెంచీలో ఎవరు? వంటగది తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది?" అని అడగండి. రికార్డింగ్‌కు ముందే అనుమతి కాగితం మీద సంతకం తీసుకోండి. ఫోటో ఆల్బమ్ తీసుకెళ్లి వాళ్ల ఒళ్లో పెట్టండి. ఫోటో వెనక పేర్లు రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తో, అంచున మాత్రమే.

తేదీ లేని ఫోటోల్లో బలిపీఠం చూడండి. గోడకు ఆనుకుని ఉంటే పాతది. ముందుకు జరిపి, పాదిరి జనం వైపు తిరిగి ఉంటే చాలావరకు 1960ల తర్వాతిది. దీపాలు గ్యాసువా కరెంటువా అన్నది ఇంకో గుర్తు, కరెంటు తేదీ ఎలాగూ మీ చిట్టాలో దొరికింది కదా.

తెల్ల గ్లవ్స్ వేసుకుని పాత పుస్తకాలు తిప్పడం సినిమాల్లో బాగుంటుంది. కాగితానికి శుభ్రంగా కడిగి ఆరబెట్టిన చేతులే మేలు. ఫోటోలకు మాత్రం గ్లవ్స్ వాడండి. రబ్బరు బ్యాండ్లు తీసేయండి, సెల్లో టేపు వేయకండి, లామినేషన్ జోలికి అసలు పోకండి. బాయిలర్ గది పక్కన అట్టపెట్టెల్లో ఉన్నవాటిని ఇవాళే పైకి తెచ్చేయండి.

దగ్గరి కాలం

చివరి నలభై ఏళ్లు రాయడమే అన్నిటికంటే టెన్షన్. 1979 ప్రార్థన పుస్తకం వచ్చాక వెళ్లిపోయిన కుటుంబాలు, 2003లో న్యూ హాంప్‌షైర్‌లో తాను గే అని బహిరంగంగా చెప్పుకున్న జీన్ రాబిన్సన్ బిషప్ అయ్యాక చీలిన వెస్ట్రీలు, మధ్యలో అర్ధంతరంగా వెళ్లిన రెక్టర్లు. వాళ్లలో కొందరు కాఫీ అవర్‌లో మీ పక్కనే నిలబడి ఉంటారు. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: ఓటింగ్ జరిగితే ఎన్ని ఓట్లో రాశాను, ఎవరెటు వేశారో రాయలేదు. మినిట్స్‌లో ఉన్న తీర్మానాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చాను, నా వ్యాఖ్య కలపలేదు. పాదిరి మీద ఆరోపణల్లాంటివేమైనా ఎదురైతే మీరొక్కరే తేల్చుకోకండి. ముందు రెక్టర్‌తో, ఆ తర్వాత డయోసిస్ లాయర్‌తో మాట్లాడాకే కలం పట్టండి.

అచ్చుకు ముందు

పాత పత్రికల ముక్కలు, ఫోటోలు వాడాలంటే అమెరికాలో అచ్చయి 95 ఏళ్లు దాటినవాటికి కాపీరైట్ సమస్య లేదు. తర్వాతివాటికి అడిగి తీసుకోండి.

చివర పేర్ల పట్టిక తప్పనిసరి. పుస్తకం చేతికి రాగానే జనం మొదటి పేజీ తెరవరు, చివరి పేజీలు తెరిచి వాళ్ల తాతగారి పేరు వెతుకుతారు. సెక్స్టన్లు, బ్లోయర్ కుర్రాళ్లు, గిల్డ్ ఆడవాళ్లు, రిజిస్టర్లో చిన్న అక్షరాల్లో ఉన్న పనివాళ్లు, పేరు దొరికినవాళ్లందరినీ ఆ పట్టికలో వార్డెన్లతో కలిపి ఒకే అక్షరక్రమంలో పెట్టండి, వేరు వేరు శీర్షికలు వద్దు.

ఒక కాపీ డయోసిస్ ఆర్కైవ్స్‌కు, ఒకటి ఊరి పబ్లిక్ లైబ్రరీకి, ఒకటి కౌంటీ హిస్టారికల్ సొసైటీకి ఇవ్వండి. మీ స్ప్రెడ్‌షీట్‌ను కూడా కాగితం మీద ప్రింట్ తీసి, ఏ అంకె ఏ జర్నల్ ఏ పేజీలోదో పక్క గడిలో రాసి, చర్చి సేఫ్‌లో పెట్టండి. పెట్టినట్టు వెస్ట్రీ మినిట్స్‌లో ఒక వాక్యం రాయించండి, లేకపోతే తర్వాతి ట్రెజరర్ చిత్తు కాగితాలనుకుని పారేస్తాడు.